జగిత్యాల టవర్ కాడ దిగిన ఫొటో

ఆ రోజుల్లో లోకమంతా నా మగ్గాల చప్పుడుకే తిరుగుతోందని నమ్మేవాణ్ణి. (పెళ్లయిన కొత్త కూడా కావడంతో ఆ నమ్మకం మరీ ముదిరింది.) సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాళ్లకు ఒక జబ్బుంటుంది. ఆగిన మగ్గం ముందు ఊరికే నిలబడలేం. పోగు తెగిందా, కండెలో నూలు అయిపోయిందా అని చేతులు ముందే పోతాయి. ఆ జబ్బును వెంటబెట్టుకునే, కొత్త పెళ్లానితో కొండగట్టు దర్శనం చేసుకుని, కోరుట్లలోని అత్తగారింటికి పోతూ బస్సు మారడానికి జగిత్యాలలో దిగాను.

"చిన్నప్పటి సంది బస్సుల పోంగ సూసుడే. టవర్ కాడ ఒక్క ఫొటో దిగుదామండి," అంది మా ఆవిడ. పెళ్లయ్యాక ఆమె నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. సరేనన్నాను కానీ నా కాళ్లు నిలవలేదు. తలెత్తి టవర్ మీది గడియారం చూశాను. మగ్గంలో రెప్పపాటులో అటూ ఇటూ దూకే నాడెకు అలవాటుపడ్డ కళ్లాయె, పెద్దముల్లు కదలనట్టే కనిపించింది. ఇంకేముంది, టవర్ చుట్టూ తిరగడం మొదలుపెట్టాను.

జామపండ్లమ్మే ముసలమ్మను ఆపి, "అవ్వా, గీ గడియారం ఎన్నడు ఆగింది?" అన్నాను.

"ఆగుడేంది కొడుకా? అది మంచిగనే తిరుగుతున్నది. నువ్వే ఒక్కకాడ నిలవడ్తలేవు!"

అటు ఒక ఆటో అన్న, ఫొటో తీయమని మా ఆవిడ ఇచ్చిన ఫోను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. "బావా, జల్ది రా, గిరాకి పోతది!"

"ఇటు సూడుండ్రి," అంది ఆమె. తర్వాత, "జర సూడుండ్రి." ఆ తర్వాత, "సూస్తవా లేదా నువ్వు?" (నన్ను 'నువ్వు' అనడం అదే మొదలు. ఇప్పటిదాకా 'మీరు' తిరిగి రాలేదు.)

వెళ్లి పక్కన నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే ముల్లు జరిగింది. "కదిలింది!" అని అరిచాను. ఆటో అన్న నొక్కేశాడు. మరొకటి దిగుదామని ఆమె అంటుండగానే కోరుట్ల బస్సు పోతుందేమోనని చేయి పట్టి లాక్కుపోయాను.

ఆ ఫొటోకు ఆమె చట్రం కట్టించింది. ఎవరైనా చూసి నవ్వితే, "టవర్ మంచిగ పడ్డది," అంటుంది, అంతే.

అందులో వేలెత్తి, నోరు తెరిచి, ఆకాశంలోకి చూస్తున్న ఆ పిల్లగాణ్ణి చూస్తే నాకిప్పుడు నవ్వే వస్తుంది. భుజం పట్టి పక్కకు తిప్పాలనిపిస్తుంది. ఆకుపచ్చ చీర కట్టుకుని, మల్లెలు పెట్టుకుని, నీ పక్కన ఎవరు నిలబడ్డారో చూడరా అయ్యా!