పేజీ అడుగున దెబ్బలు

నా ఎడమ కనుబొమ మీద ఒక మచ్చ ఉంది. ఎవరైనా అడిగితే ఫోన్ తగిలిందంటాను. నవ్వుతారు. నిజంగానే తగిలింది. గవర్నర్‌పేటలోని మా డీటీపీ షాపులో, పట్టపగలు, డెబ్భై దాటిన ఒక పెద్దాయన విసిరిన ఫోన్ అది.

నేనూ అంత శాంతమూర్తినేం కాదు. పుస్తకాలు టైపు చేసి పేజీలు కట్టడమే నా పని. ఇన్నేళ్లలో మూడు కీబోర్డులు నా పిడికిలికే పోయాయి. కోపం వస్తే స్టీలు స్కేలుతో బల్ల మీద ఒక్కటిస్తాను. పక్క షాపులోవాళ్లు తొంగిచూసి, నేనేనని తెలిసి వెళ్లిపోతారు.

ఆ పెద్దాయన చల్లపల్లి అవతల మగ్గం నేసిన మనిషి. నీటికాసులతో చూపు పోతోందని తెలిశాక తన బతుకంతా రెండు నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. చివరి పేజీల్లో వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. పటమటలో బట్టల షాపు నడుపుతున్న ఆయన కొడుకు వాటిని నా దగ్గరికి తెచ్చాడు. అంతా టైపు చేశాక ఒక అధ్యాయం మీద వేలు పెట్టి, "ఇది తీసేయండి మేడం" అన్నాడు.

పదేళ్ల కొడుకు మగ్గం మీది పడుగు దారాలు తెంపాడని తండ్రి నాడె, అంటే దారాల మధ్య అటూ ఇటూ ఆడించే కర్ర, తీసుకుని కొట్టిన అధ్యాయం అది. "ఒక్క దెబ్బే కొట్టాను. దానికే వాడి వేళ్లు రెండు వంకరపోయాయి. ఆ పాపం నన్ను వదలలేదు" అని రాసుకున్నారు పెద్దాయన. ఎందుకు తీసేయాలని నేను అడగలేదు. పని తెచ్చినవాళ్ల మాటే మాకు మాట. తీసేశాను.

పుస్తకం అచ్చయ్యేసరికి పెద్దాయనకు చూపు పూర్తిగా పోయింది. ఫోన్ చదివి వినిపిస్తుందని ఎవరో చెబితే ఈబుక్ కావాలన్నారు. ఇక్కడే మా షాపుల గుట్టు బయటపడింది. మేం వాడేది పాత ఫాంట్లు. తెర మీద కనిపించేది తెలుగే, లోపల దాక్కున్నవి ఇంగ్లీషు అక్షరాలు. దాన్ని ఈబుక్‌లోకి పంపితే పిచ్చిగీతలు వస్తాయి. అందుకని అందరూ చేసేదే నేనూ చేశాను. పేజీలన్నింటినీ ఫొటోలుగా మార్చి, ఒక ఫైల్లో కుట్టి, ఈబుక్ అని చేతిలో పెట్టాను.

పెద్దాయన నా ఎదురుగా కూర్చుని ఫోన్ చెవికి ఆనించుకున్నారు. అందులోంచి ఆడగొంతు పలికింది. "బొమ్మ." వేలితో పేజీ తిప్పారు. "బొమ్మ." మళ్లీ తిప్పారు. "బొమ్మ."

"అక్షరాలుండవండీ, బాబాయ్ గారూ, పేజీలు ఫొటోలుగా..." అంటున్నాను. నా గొంతు వచ్చిన వైపుకు ఫోన్ విసిరారు.

"నా మాటలన్నీ ఏం చేశావమ్మా!"

కనుబొమ చిట్లి నెత్తురు కంట్లోకి దిగింది. కొడుకు ఒక్క ఉదుటున లేచి తండ్రి చెయ్యి వెనక్కి విరిచి గోడకేసి నొక్కాడు. "ఇంకా కొడతావా? ఇంకా కొడతావా?" అని పళ్లు నూరాడు. ఆ మాట నా కోసం అన్నది కాదని నాకు అప్పుడు తట్టలేదు.

దెబ్బ తగిలింది నాకే, తప్పూ నాదే. ఆ కసితో పని మొదలుపెట్టాను. ఈబుక్ అంటే మూట కట్టిన వెబ్ పేజీలే. వెబ్‌కు అందరూ ఒప్పుకున్న పద్ధతి ఒకటుంది. ఏది శీర్షికో, ఏది పేరానో, ఏది అడుగున రాసిన గమనికో లోపల వేరువేరుగా చెప్పాలి. మేం అక్షరాలు పెద్దవి చేసి శీర్షిక అంటాం. మనిషికి అర్థమవుతుంది, ఫోన్‌కు అర్థం కాదు. అక్షరాలన్నీ ఏ ఫోనైనా తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మార్చాను. అయినా ఆ గొంతు ప్రతి వరుస చివరా ఆయాసపడింది, మాటల్ని సగానికి నరికింది. వరుస చివర ఎంటర్ కొట్టడం, పట్టని మాటను హైఫన్ పెట్టి విరగ్గొట్టడం మా చేతులకు అలవాటు. ఇన్నేళ్లుగా ఎన్ని మాటల్ని నరికానో ఆ వారంలో తెలిసింది. ఒక్కొక్కటే అతికించాను.

పని అయిపోవస్తుండగా కొడుకు ఒక్కడే వచ్చాడు.

"బొమ్మలే ఉంచేయండి మేడం. కుదర్లేదని చెప్పేయండి. ఇప్పుడు విషయసూచిక కూడా వినిపిస్తుందంట కదా. అధ్యాయం లేదని ఆయనకి తెలిసిపోద్ది."

కుదరదన్నాను. మౌస్ లాగేసుకోబోయాడు. నా చెయ్యి ఎప్పుడు స్కేలు అందుకుందో తెలియదు. బలంగా కొట్టాను. ఆ వంకర వేళ్ల మీదే పడింది.

అంత మనిషీ చెయ్యి చంకలో దాచుకుని కుర్చీ వెనక్కి నక్కాడు, తల భుజాల్లోకి దించుకుని. నలభై ఏళ్ల మనిషిలో ఆ పదేళ్ల పిల్లాణ్ణి చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను. స్కేలు కింద పడేశాను.

అక్కడినుంచే అన్నాడు. "పరువు కోసం తీయమన్లేదండీ. అది అబద్ధం. ఒక్క దెబ్బకి రెండు వేళ్లు విరుగుతాయా? నాడె విరిగిందాకా కొట్టాడు. అది విరిగాక కాలితో తన్నాడు. మా అమ్మ అడ్డమొస్తే ఆవిడ్నీ కొట్టాడు. ఒక్క దెబ్బని రాసుకుని, ఏడ్చి, పుణ్యాత్ముడైపోతాడా?"

అధ్యాయం తిరిగి పెడతానన్నాను. "మీ మాట కూడా పెడతాను, గమనికగా. ఒక్క దెబ్బ అన్న చోటికి రాగానే ఫోన్ దాన్ని చదివేలా చేస్తాను" అన్నాను. కుర్చీ వెనకనుంచి బయటికొచ్చి సరేనన్నాడు. అతను చెప్తుంటే ఒక్క అక్షరం మార్చకుండా టైపు కొట్టాను.

పెద్దాయన మళ్లీ అదే కుర్చీలో కూర్చుని విన్నారు. తన మాటలు వినబడుతుంటే పెదవులు కదిలించారు. ఆ అధ్యాయం వచ్చింది. "ఒక్క దెబ్బే కొట్టాను" అంది ఆడగొంతు. వెంటనే, ఎత్తుపల్లాల్లేని అదే గొంతుతో, "గమనిక. ఒక్క దెబ్బ కాదు. నాడె విరిగేదాకా. తర్వాత కాలితో. అమ్మను కూడా." నేను ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. కొడుకు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

పెద్దాయన ఫోన్ విసరలేదు. వెనక్కి జరిపి మళ్లీ విన్నారు. ఇంకోసారి విన్నారు.

"అమ్మా," అన్నారు నన్ను, "అడుగున పెట్టినదాన్ని పైకి తీసుకురా. నేను రాసింది కిందికి దించెయ్."

అలాగే చేశాను. ఆ పుస్తకం ఇప్పుడు ఏ ఫోన్‌లో తెరిచినా కొడుకు మాట ముందు వినిపిస్తుంది, తండ్రి మాట గమనికలో ఉంటుంది. నా స్కేలు దెబ్బ మాత్రం అందులో పైనా లేదు, కిందా లేదు. అందుకే ఇక్కడ రాశాను.