ఊడని బంపర్

ఆ రోజుల్లో మా వైపు తెలివైన కుర్రాడంటే ఊరు దాటి పోయేవాడని లెక్క. ఆ లెక్కలో నేనూ ఉన్నాననే భ్రమతో మిర్యాలగూడలో డిప్లొమా చదువుతూ, సెలవులకు సూర్యాపేటలో అక్కా బావల ఇంటికి వచ్చేవాణ్ణి. బావది లారీ బాడీలు కట్టే షెడ్డు. అందులో ఇరుక్కుపోకుండా బయటపడాలన్నదే నా ఏకైక ఆశయం. కోదాడలో ఒక కాలేజీవాళ్లు రోబోల పోటీ పెట్టారు. గెలిస్తే హైదరాబాద్‌లో ఫ్యాక్టరీ శిక్షణ, ఆపైన ఉద్యోగం. (ఫ్యాక్టరీ గేటు ముందు ఫొటో ఎలా దిగాలో కూడా అప్పుడే అనుకున్నాను.)

రోబోలు ఒకదాన్నొకటి గుద్దుకుని గీత బయటికి తోసుకోవాలి. దెబ్బ తగలకుండా ముందు బంపర్ ఉండాలి. తూకం మాత్రం బంపర్ లేకుండా వేస్తారు కాబట్టి అది ఊడి రావాలి. లారీ వైపర్ మోటార్లతో నా రోబో బండి చేశాను. ఇనుప పట్టీకి పాత టైరు ముక్క తొడిగి, చేత్తో తిప్పితే వచ్చే నట్లతో బిగించాను. బావ మొహం మాడ్చుకున్నాడు. "ఊడే బంపరేందిరా? మన షెడ్డుల తయారైన బండికి బంపర్ ఊడితే ఇజ్జత్ ఉంటదా?" "రూల్ గట్లనే ఉంది బావా" అంటే తలూపాడు. ఆ తలూపడాన్ని నమ్మి చొక్కా ఇస్త్రీ చేయించుకోవడానికి పోయాను. తిరిగొచ్చేసరికి బండిని గోనెసంచిలో చుట్టి తాడు కట్టేశాడు, బస్సులో దుమ్ము పడుతుందని.

కోదాడలో తూకం దగ్గర సంచి విప్పాను. నట్లు చక్కగా వచ్చేశాయి. బంపర్ రాలేదు. వంగి చూస్తే ఆ చివర నుంచి ఈ చివర దాకా నున్నటి వెల్డింగ్! "బంపర్ తీసెయ్యండి బాబూ, టైమవుతోంది" అన్నారు తూకం వేసే సారు. నేను లాగాను, సారు లాగారు, ప్యూను కూడా లాగాడు. నాతోపాటు వచ్చిన బావ వెనక నిలబడి, "గుంజుండ్రి సార్, జర గట్టిగ గుంజుండ్రి! లారీ గుద్దినా ఊడది!" అని ఛాతీ విరుచుకున్నాడు. హాలంతా ఘొల్లుమంది. బంపర్‌తో కలిపి తూకం పరిమితి మించిపోయింది, మమ్మల్ని బయటికి పంపేశారు. తిరుగు బస్సులో "ఓడిపోలే గదరా, మనల్ని ఆటే ఆడనియ్యలే" అని బావ ఓదార్చాడు. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతుంది, ఎందుకంటే ప్రతి పెళ్లిలో ఈ కథ చెప్పి నవ్వించేది ఆయనే.

ఫ్యాక్టరీ రాలేదు, షెడ్డు వచ్చింది. బావకు చూపు తగ్గాక వెల్డింగ్ నాదే. మొన్న నేరేడుచర్ల రైతు ఒకాయన ట్రాక్టర్ తెచ్చి, బంపర్ తీసిపెట్టుకునేటట్టు చెయ్యమన్నాడు. "ఊడే బంపరేందన్నా, ఇజ్జత్ ఉంటదా?" అనేశాను. మూల కుర్చీలోంచి బావ కిసుక్కున నవ్వాడు. నా నోట్లోంచి వచ్చింది ఎవరి మాటో అప్పుడు తెలిసింది. వెల్డింగ్ రాడ్ పక్కన పడేసి, నట్లు వెతికి తెచ్చి బిగించాను. చేత్తో తిప్పి చూస్తే బంపర్ సులువుగా ఊడొచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని కోదాడ బస్సెక్కిన ఆ కుర్రాడికి ఒకసారి చూపించాలనిపించింది.