సాయమ్మ ఇంట్లో గటక

మా పిల్లల చిన్నప్పుడు... మాదాపూర్ వెనక గుట్టల్లో పొద్దున్నే రాళ్ళు పేల్చేవాళ్ళు. ముందు ఈల వినిపించేది... తరువాత చప్పుడు... వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు గలగలమనేవి. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు కంకర కుప్పలు.

మా ఇంటి వెనక రేకుల ఇంట్లో సాయమ్మ, మల్లయ్య ఉండేవాళ్ళు. ఆలుమగలిద్దరూ రాయి కొట్టేవాళ్ళు. వాళ్ళ కులం పేరు రాయను... రాస్తే చదివేవాళ్ళు అదొక్కటే చదువుతారు. మా వీధిలో ఎవరూ వాళ్ళింట్లో మంచినీళ్ళు ముట్టేవాళ్ళు కాదంటే చాలు. నేను టీ తాగేవాణ్ణి గానీ, "పుస్తకాల సారుది లెక్కే వేరు" అని సాయమ్మ నన్ను లెక్కలోంచి తీసేసింది.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకంటే... మా కాలనీ గ్రూపులో వరహాలరావు గారు మొన్న ఒక పోస్టు పెట్టారు. ఆ రోజుల్లో విదేశీ మతప్రచారకులు బిస్కెట్లు పంచి అమాయకులను లాక్కోబోతే, కాలనీ సెక్రటరీగా తాను అడ్డుకున్నానని. కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి.

వాళ్ళు వచ్చింది సాయమ్మ ఇంటికి. ఆ ఇంట్లో చాప మీద కూర్చున్నవాణ్ణి నేను. రావు గారు గడప దాటలేదు. కాబట్టి నేను చెబుతాను.

వచ్చింది ఇద్దరు కుర్రాళ్ళు. తెల్ల చొక్కాలు, టైలు, పాత సైకిళ్ళు. ఒకడు అమెరికావాడు. రెండోవాడు జోసెఫ్... ఆఫ్రికాలో జాంబియా అతనిది. అతని చిన్నతనంలో వాళ్ళ ఇంటికీ ఇలాగే ప్రచారకులు వచ్చి పాఠాలు చెబితే, ఇంటిల్లిపాదీ ఆ మతంలో చేరారట. ఇప్పుడు తన వంతుగా మన దేశం వచ్చాడు.

ఒకరోజు దారిలో ఊడిన సైకిల్ గొలుసు మల్లయ్య ఎక్కించి ఇచ్చాడు. అలా మాట కలిసింది. ప్రతి గురువారం సాయంత్రం ఇంటికొచ్చి పాఠం చెబుతామన్నారు. వాళ్ళకు తెలుగు అంతంత మాత్రం. నేను జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి గనుక దుబాసీ పని నాకు పడింది. నాకు ఏ దేవుడితోనూ పేచీ లేదు... ఉన్నదల్లా మనుషులతోనే.

మొదటి గురువారం సాయమ్మ పాలు ఎక్కువ పోసి టీ పెట్టింది. ఇద్దరూ నవ్వి, దండం పెట్టి, వద్దన్నారు. వాళ్ళ క్రైస్తవ శాఖలో టీ, కాఫీలు తాగకూడదు. మంచినీళ్ళూ ముట్టలేదు... కడుపు చెడుతుందని కాచిన నీళ్ళ సీసాలు సంచిలో తెచ్చుకున్నారు. రెండో వారమూ అంతే.

వాళ్ళు వెళ్ళాక సాయమ్మకు కారణం విడమరచి చెప్పాను. తాగని గ్లాసులు కడుగుతూ వింది.

"నా మనసు నొయ్యొద్దని చెప్తున్నవ్ సార్. అందరు గిట్లనే చెప్తరు. ఒకలకు షుగరు... ఒకలకు ఉపాసం... ఇగ వీళ్ళకు మతం."

నేను చెప్పింది నిజమే. కానీ ఆ నిజం, ఆమె పుట్టినప్పటి నుంచీ వింటున్న అబద్ధంలాగే ఉంది.

దేవుడి ముందు అందరూ ఒకటేనంటున్నారు కదా, మరి నా గ్లాసు ముందు కాదా అని అడిగింది. వచ్చే గురువారం కూడా ఏమీ ముట్టకపోతే ఇక రావద్దని వాళ్ళకు చెప్పమంది. మల్లయ్యకు ఆ పాఠాలంటే ఇష్టం... అయినా ఆమె మాటకే తలూపాడు. ఈ సంగతి ముందుగా వాళ్ళ చెవిన వేయొద్దని నా దగ్గర మాట తీసుకుంది. చెప్పి తినిపిస్తే అది తిన్నట్టు కాదట.

మూడో గురువారం టీ పెట్టలేదు. పొయ్యి మీద గటక ఉడుకుతోంది... జొన్నరవ్వతో గట్టిగా వండే కూలి జనం తిండి. పాఠం మొదలైంది. నేను ఒక మాట తెలుగులో చెప్పి తల తిప్పేసరికి జోసెఫ్ పొయ్యి వైపే చూస్తున్నాడు.

అదేమిటని అడిగాడు. చెప్పాను. తన తల్లి కూడా మొక్కజొన్న పిండితో ఇలాగే, ఇలాంటి కట్టెగరిటెతోనే కలుపుతుందన్నాడు. కొంచెం పెడుతుందేమో అడగమన్నాడు.

సాయమ్మ నన్ను అనుమానంగా చూసింది. "నువ్వు గిన చెప్పినవా సార్?"

లేదన్నాను.

పళ్ళెంలో గటక పెట్టి పక్కన పచ్చిపులుసు పోసింది. అతను చిన్న ముద్ద చేసి, బొటనవేలితో మధ్యలో గుంట నొక్కి, ఆ గుంటతో పులుసు తోడుకుని తిన్నాడు. ఆ పద్ధతి నేనెక్కడా చూడలేదు. ఇంతలో కారానికి పొలమారింది... చేతికందిన చెంబెత్తి గటగటా తాగేశాడు. కాచిన నీళ్ళ సీసా సంచిలోనే ఉండిపోయింది.

"జర నిమ్మలంగ తిను బిడ్డా..." అంటూ సాయమ్మ ఇంకో ముద్ద వేసింది. అమెరికా కుర్రాడు తానే ఒక పళ్ళెం అందుకుని చాచాడు.

తరువాతి వారం వరహాలరావు గారు వచ్చారు. గడప బయటే నిలబడి, పరాయివాళ్ళను ఇంట్లోకి రానిస్తే మన ధర్మం ఏమైపోవాలని చాలాసేపు చెప్పారు. సాయమ్మ అంతా విని, లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది.

"ఇప్పుడే తాగి వచ్చానమ్మా."

"ఎరుకనే సార్. మీరు ఎప్పుడొచ్చినా తాగే వస్తరు."

రావు గారు వెళ్ళిపోయారు. ఆయన అడ్డుకున్నది ఇదీ.

చివరికి సాయమ్మ వాళ్ళు మతం మారలేదు. ఆమె ఏటా అమ్మవారికి బోనం ఎత్తుతూనే వచ్చింది. కొన్నాళ్ళకు కుర్రాళ్ళను వాళ్ళ చర్చివాళ్ళే వేరే ఊరికి పంపేశారు. బిస్కెట్లు నేను చూడలేదు... పెట్టింది ఆమె, తిన్నది వాళ్ళు. ఆ జాగా అమ్ముడుపోయాక సాయమ్మ వాళ్ళు బాచుపల్లి వైపు వెళ్ళారన్నారు. మళ్ళీ కనబడలేదు.

కోకాపేటలో ఒక పెద్ద హోటల్లో పింగాణీ గిన్నె ముందు కూర్చుని రావు గారు నిన్న ఫోటో పెట్టారు. పైన కొత్తిమీర చల్లిన జొన్న గటక. ఆరోగ్యానికి చాలా మంచిదట. రావు గారూ... అప్పుడు అది మన వెనక ఇంట్లోనే ఉడికేది. గడప ఒక్కటి దాటితే సాయమ్మ పెట్టేది.

మీ చిన్నప్పటి వీధిలోనూ 'ఇప్పుడే తాగి వచ్చాం' అన్నవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ పేర్లు అక్కర్లేదు... ఎవరి గడప ముందు నిలబడి అన్నారో, అది రాయండి.