మూలుగ బొక్క ఎవరిది?

నేను తొర్రూరులో పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. మొన్న పాఠంలో డిసెక్ట్ అనే మాట వచ్చింది. అది లాటిన్ నుంచి వచ్చిందనీ, ముందు ముక్కకు ‘వేరుగా’ అనీ, వెనక ముక్కకు ‘కోయడం’ అనీ అర్థమని చెప్పాను. మీరు కూర్చున్న బి సెక్షన్‌లోనూ ఆ కోతే ఉందంటే నవ్వారు.

"కోసుడైతే కట్ అంటే సరిపోదా టీచర్?" అని ఒక పిల్ల అడిగింది.

"ఊరికే కోయడం కాదు. లోపల ఏముందో చూడటానికి విడివిడిగా కోయడం" అన్నాను. అన్నానే గానీ, మనసు మొగుళ్లపల్లికి పోయింది.

మా ఊళ్లో దసరాకు నాలుగిళ్ల వాళ్లం కలిసి మేకపోతును, మా మాటలో యాటను, కోసుకునేవాళ్లం. కోసేది మా బాపు. మోదుగాకుల మీద మాంసం సమానంగా పోగులు పెట్టేవాడు. లోపల మూలుగ ఉండే ఎముక, అదే మూలుగ బొక్క, మాత్రం ఏదో ఒక పోగులోనే పడేది. ఎవరికీ అన్యాయం కాకూడదని మా అవ్వ, అంటే మా అమ్మ, పోగులకు వీపు పెట్టి నిలబడేది. బాపు ఒక్కో పోగు మీద చెయ్యి పెట్టి "గిది ఎవలిది?" అనేవాడు. అవ్వ చూడకుండానే అది ఏ ఇంటిదో చెప్పేది. మూలుగ బొక్క ప్రతిసారీ మా ఇంటికే వచ్చేది. నా నోటి అదృష్టమని మురిసిపోయేదాన్ని. మధ్యలో బాపు దగ్గితే బీడీ దగ్గు అనుకునేదాన్ని.

బాపు పోయాక అన్నా నేనూ భూమి పంచుకున్నాం. ఒక ముక్కలో బావి ఉంది. రెండోది వాన పడితేనే పండే చెలక. నా పెనిమిటి పెళ్లినాటి నుంచీ కౌలు రైతే. ఆ బావి వస్తే మాకూ సొంత వరి ఉంటుంది.

"కొట్లాట ఎందుకు చెల్లె, యాట పోగుల లెక్కనే పంచుకుందాం. అవ్వ ఎట్ల చెప్తే అట్ల" అన్నాడు అన్న. ఒప్పుకున్నాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

పొలం ఒడ్డు మీద అవ్వ వీపు తిప్పి నిలబడింది. అన్న బావి వైపు కర్ర చూపి "గిది ఎవలిది?" అన్నాడు. అని, దగ్గాడు. మా అన్న బీడీ ముట్టడు.

"పెద్దోనిది" అంది అవ్వ.

చిన్నప్పటి మూలుగ బొక్కలన్నీ మా ఇంటికి ఎట్లా వచ్చాయో ఆ ఒక్క దగ్గుతో తెలిసిపోయింది. అన్న ఒక్కడే మోసం చేస్తే ఓర్చుకునేదాన్ని.

"అవ్వా, జర ఇటు తిరుగు. నా మొఖం చూసి చెప్పు" అన్నాను.

"మాట అయిపోయింది బిడ్డా" అంది అవ్వ, వీపు తిప్పకుండానే.