కొబ్బరి చిప్పల్లో వాల్వులు

మొన్న అమలాపురంలో ఒక మెకానిక్ షెడ్డు ముందు కిరసనాయిలు వాసన తగిలేసరికి, నా పాత అసూయ మళ్ళీ లేచి కూర్చుంది.

ఒక వేసవిలో మా నాన్నగారు తాతగారి నాటి అంబాసిడర్ ఇంజను విప్పారు. పుట్టగొడుగుల్లా ఉండే వాల్వులను కిరసనాయిల్లో కడిగి, పాత పంచె గుడ్డతో తుడిచి, ఒక్కోదాన్ని ఒక్కో కొబ్బరి చిప్పలో పెట్టి అరుగు మీద వరసగా పేర్చారు. నా కంటికి అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది ఎక్కడిదో ఆయనకు మాత్రం తెలుసు. తలంటిన పిల్లలకు తల తుడిచినట్టు వాటిని తుడుస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"నాన్నగారూ, ఇవి కలిసిపోతే ఏమవుద్దండీ?" అన్నాను, కలిసిపోతే బాగుండునని.

"అమ్మో, కలవకూడదు సుజాతా! దేని చోటు దానిదే. మారితే ఇంజను మొరాయిస్తుంది."

సుజాత మా అక్క. నేను పద్మని. మా ముగ్గురు అక్కచెల్లెళ్ళలో ఎవరినీ ఆయన మొదటిసారే సరైన పేరుతో పిలిచిన పాపాన పోలేదు. ఆ ఇనప ముక్కల పాటి చెయ్యమా మేము అని ఆ రోజంతా మూతి ముడుచుకునే ఉన్నాను.

ఇప్పుడు నేను వాళ్ళక్క పేరుతో పిలిచినప్పుడల్లా మా చిన్నమ్మాయి అచ్చం అలాగే మూతి ముడుస్తుంది. ఒకరిని పిలవబోతే ఇద్దరూ ఒకేసారి నోట్లోకి వచ్చేస్తారని దానికెలా చెప్పను?