ఖాసిం అన్న తన మీద వేసుకున్న మాట

అయిదేళ్ల కిందట, శ్రావణ మాసం రెండో శుక్రవారం, ఉదయం పదకొండు గంటల అయిదు నిమిషాలకు ఇదంతా మొదలైంది. ఈ రోజు మా వీధిలో ఎవరో కొత్త ఆటో చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. ఆ పులుపు వాసన తగలగానే నరసరావుపేట షోరూం ముందు నిలబడ్డ ఖాసిం అన్న కళ్ల ముందుకొచ్చాడు.

ఆయన మా పక్కింటి మెకానిక్. నలభై ఏళ్లు షెడ్డు నడిపాడు. వచ్చిన ప్రతి బండి నంబరు, తేదీ, గంట గోడ మీద సుద్దతో రాసేవాడు. మూడో తరగతితో బడి మానేసిన నేను దేనికైనా తేదీ వేసుకోవడం ఆయన్ని చూసే నేర్చుకున్నాను.

మిరప బస్తాలు తోలడానికి మా ఆయన నా పేరు మీద ట్రాలీ ఆటో కొన్నాడు. ధర మూడు లక్షల ఇరవై వేలు. మేం కట్టింది అరవై వేలు, మిగతాది బ్యాంకు అప్పు. ఆ రోజు షోరూం ముందు ఒకే రంగు ఆటోలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. కాగితాల్లోని ఛాసిస్ నంబరు, బండి మీది నంబరు ఒకటో కాదో చూస్తానని ఖాసిం అన్న జేబులోంచి కళ్లజోడు తీశాడు. పదకొండుంపావుకు వర్జ్యం మొదలు.

“రెండు నిమిషాలు ఆగు చెల్లే.”

“టైం దాటిపోద్ది. వర్జ్యాల సంగతి నీకేం తెలుసన్నా? పక్కకు జరుగు.”

షోరూం వాళ్లు నవ్వారు. ఆయన కళ్లజోడు జేబులో పెట్టుకుని, “పోనీ బావా, పోనీ” అంటూ మా ఆయన్ని తానే సాగనంపాడు.

కొన్న ఏడో నెలలో ఈపూరు దారిలో ఆటో కల్వర్టులో పడింది. మా ఆయన చేతి దెబ్బతో బయటపడ్డాడు గానీ, ఆటో ఇక బాగుచేయడానికి పనికిరాలేదు. బీమా వాళ్లు వచ్చి చూసి, పాలసీలోని నంబరు ఈ బండిది కాదన్నారు. కొన్న రోజే షోరూం ముందు రెండు ఆటోలు తారుమారయ్యాయి. బీమా డబ్బు రాలేదు. బ్యాంకు వాయిదాలు ఆగలేదు. “చూసుకొని తీసుకున్నామని సంతకం పెట్టావు గదమ్మా” అన్నాడు షోరూం మేనేజరు. ఇంటికొచ్చి ఏడుస్తుంటే ఖాసిం అన్న, “ఏంది ఆ ఏడుపు? కాగితాలన్నీ తేదీల వరసన పెట్టు” అన్నాడు. గుంటూరులో వినియోగదారుల కోర్టుకు ఆయనే తీసుకెళ్లాడు.

అక్కడ అవతలి వకీలు ఆయన్ని నిలదీశాడు.

“ఇన్నేళ్ల మెకానిక్‌వి, పక్కనే ఉండి నంబరు ఎందుకు చూడలేదు? ఆమె వద్దందా?”

నేను వద్దన్నానని తేలితే కేసు పోతుందని మా ఇద్దరి భయం.

“లేదు సార్. చూశాను. నా కళ్లకే సరిగ్గా ఆనలేదు.”

బయటికొచ్చాక అడిగాను, “ఎందుకట్టా చెప్పావన్నా?”

“ముసలోడి కళ్లే గదా, పోతే పోనీ. టీ తాగుదాం పద.”

ఆ మాట మా కంటే ముందే ఊరు చేరింది. “ఖాసింకు నంబరే కనపడదంట, నట్టేం కనపడుద్ది!” అని లారీల వాళ్లు నవ్వుకున్నారు. షెడ్డుకు బండ్లు తగ్గాయి. ఊళ్లో నిజం తెలిసింది మా ఆయనకూ నాకే. తీర్పు వచ్చాక చెబుదాంలే అని నోరు మూసుకున్నాను. పద్నాలుగు నెలలకు ఆయన షెడ్డు మూశాడు. మరో మూడు నెలలకు, ఒక ఆదివారం తెల్లవారుజామున నమాజు వేళ, పోయాడు.

పదకొండో రోజున తీర్పు వచ్చింది. గెలిచాం. మా వకీలు చదివి చెప్పాడు: నంబరు సరిచూసి బండి అప్పగించాల్సింది అమ్మినవాళ్లే. కొన్నవాళ్లు చూడకుండా సంతకం పెట్టినంత మాత్రాన వాళ్ల హక్కు పోదు.

“అయితే సార్, నేనే వద్దన్నానని చెప్పినా గెలిచేవాళ్లమా?”

“గెలిచేవాళ్లేనమ్మా.”

ఆ ఒక్క మాటే ఇప్పటికీ మోస్తున్నాను. ఖాసిం అన్న కళ్లు బాగానే ఉండేవని, చూడనివ్వనిది నేనేనని లారీల వాళ్లకు ఒక్కొక్కరికీ చెబుతున్నాను. “పోయినోడి సంగతి ఇప్పుడెందుకు పెద్దమ్మా” అంటారు.

లెక్క ఇది. షోరూం వాళ్లు ఇచ్చింది, ఖర్చులతో కలిపి, మూడు లక్షల నలభై వేలు. బ్యాంకు బాకీ తీరింది. మాకు పోయింది ఒక ఆటో. ఖాసిం అన్నకు పోయినవి: గుంటూరు తిరిగిన పంతొమ్మిది రోజుల పని, నలభై ఏళ్ల షెడ్డు, మంచి మెకానిక్ అన్న పేరు.