రోస్విత విన్న మాట

టిరోల్ కొండల్లో, కనుమ కిందున్న ఆ రాతి బస దాని యజమాని ఒట్మార్ నోటి దురుసుకే పేరుమోసింది. స్కీలు వేసుకుని ఎక్కివచ్చేవాళ్లు ఆయన వెటకారం వినడానికే వస్తామనేవాళ్లు. పెళ్లయిన కొత్తలో వంటింట్లోంచి భార్య రోస్విత కూడా నవ్వేది. పోనుపోను ఆ మాటలు వినబడకుండా గరిట చప్పుడు పెంచడం నేర్చుకుంది.

ఆ మార్చిలో లోయలో రొట్టెల బట్టీ నడిపే కాసియన్ ఒంటరిగా వచ్చాడు. పొద్దున్నే కనుమకేసి బయల్దేరి, సగం దారిలో కాళ్లకింద మంచు గుమ్మని కుంగేసరికి వెనక్కి వచ్చేశాడు. భోజనాల గది నిండా జనం.

"అప్పుడే వచ్చేశావేంటోయ్? బట్టీ చల్లారిపోతోందా?" అన్నాడు ఒట్మార్.

"మంచు బాలేదన్నా. లోపల డొల్లగా ఉంది, జారిపడేలా ఉంది."

"డొల్లగా ఉన్నది మంచు కాదులే, నీ గుండె! రోస్వితా, బాబుకి పాలు వెచ్చబెట్టు. తాగి బజ్జుంటాడు."

గది గొల్లుమంది. తలుపు సందులోంచి రోస్వితకు చెవులదాకా ఎర్రబడిన కాసియన్ ముఖం కనబడింది. అతను మళ్లీ స్కీలు అందుకున్నాడు. వెళ్లకు నాయనా అనే మాట నోటిదాకా వచ్చింది. పొయ్యిమీద వెన్న మాడుతుంటే అటు తిరిగింది. మళ్లీ చూసేసరికి అతను లేడు.

మధ్యాహ్నానికి కనుమ కింది వాలు మీది మంచు మొత్తం విరుచుకుపడింది. అందరికన్నా ముందు పరుగెత్తింది ఒట్మారే. వేళ్లు చిట్లి నెత్తురు కారేలా తవ్వాడు. బయటికి తీసిన కాసియన్ నోటి నిండా మంచే.

రెండ్రోజులకు అతని భార్య గిజెల పైకి వచ్చింది.

"ఆయన జాగ్రత్త మనిషి అన్నా. ఎందుకెళ్లాడు?"

"వద్దని చెప్పానమ్మా. వింటేగా!" అన్నాడు ఒట్మార్, టోపీ తీసి చేత్తో పట్టుకుని.

రోస్విత ఉండబట్టలేకపోయింది. "అబద్ధం. భయపడి వెనక్కొస్తే ఈయన అందరి ముందూ ఎగతాళి చేశాడు. పాలు తాగి పడుకోమన్నాడు. అందుకే మళ్లీ వెళ్లాడు."

గిజెల ఒట్మార్ వైపు చూడనేలేదు.

"అప్పుడు నువ్వెక్కడున్నావక్కా?"

"వంటింట్లో."

"విన్నావా?"

"విన్నాను."

"అడ్డుపడలేదా?"

గిజెల రోస్విత ముఖాన ఉమ్మేసి దిగిపోయింది.

"నిజం చెప్పి ఏం బావుకున్నావే?" అంటూ ఒట్మార్ తువ్వాలు ఆమె మీదికి విసిరాడు.

మంచు కరగకముందే రోస్విత మొగుణ్ణి వదిలి లోయలోకి దిగింది. ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. పైన ఒట్మార్, "మా ఆవిడకి చలేసి దిగిపోయింది" అంటే వచ్చినవాళ్లు ఎప్పట్లాగే పగలబడి నవ్వేవాళ్లు.

కింద ఊళ్లో రొట్టెల దుకాణం కాసియన్‌ది ఒక్కటే. గిజెల మాట్లాడకుండా రొట్టె బల్లమీద పెడుతుంది. రోస్విత రొట్టె అందుకుని చెయ్యి తీయగానే, ఆమె చూస్తుండగానే, అక్కడ తడిగుడ్డతో తుడుస్తుంది.